హైదరాబాదు నుంచి వెళ్లి ఆదిలాబాదు అడవి జలపాతాలకు కాలినడక: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి వానలు పడి, మూసీలో నాలుగు నీళ్లు కనిపించగానే, హైదరాబాదులో ఆదివారాలు కలిసి నడిచే మా బృందాన్ని తెలిసినవారూ తెలియనివారూ ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు అన్నిటినీ ఒకచోట రాసి ఉంచితే మేలనిపించింది. కొన్నిటికి జవాబు రెండు వాక్యాల్లో ముగిసింది. వాగు గురించి మాత్రం కావాలనే ఎక్కువ రాశాము.

ఏ జలపాతాల గురించి ఈ వివరాలు?

ఆదిలాబాదు జిల్లా నేరేడిగొండ, బోథ్, బజార్‌హత్నూర్ మండలాల అడవుల్లో, కడెం వాగు మీద, దానిలో కలిసే ఒర్రెల మీద ఉన్న జలపాతాల గురించి. వీటిలో అందరికీ తెలిసినది కుంటాల. అక్కడ నీరు సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దిగుతుంది. అయితే కుంటాలకు బండి దిగాక మెట్లు ఉన్నాయి కనుక దానిని అడవి నడక అనలేము. బోథ్ దారిలో ఉన్న పొచ్చెర కూడా అంతే, రోడ్డుకు దగ్గర. నడిచి చేరవలసినవి రెండు. ఒకటి, గిర్నూరు గ్రామం దాటాక వచ్చే కనకాయి. రెండవది, తర్ణం ఖుర్దు వైపు నుంచి పొలాల గట్ల మీదుగా అడవిలోకి దిగి చేరే గాయత్రి జలపాతం. ఈ రెండో దానిని ఆ చుట్టుపక్కల వాళ్లు గాడిద గుండం అనీ ముక్కిడి గుండం అనీ పిలుస్తారు. పట్నం నుంచి వెళ్లి ‘గాయత్రి ఎటు’ అని అడిగితే ఒక్కోసారి పశువుల కాపరి తెల్లబోయి చూస్తాడు. గాడిద గుండం అంటే వెంటనే చెయ్యి చూపిస్తాడు. పేరు మర్యాదస్తమైనంత మాత్రాన దారి తెలియదు కాబట్టి రెండు పేర్లూ గుర్తుంచుకోవడం మంచిది.

‘మధ్యస్థమైన నడక’ అంటే ఎంత కష్టం?

తాళ్లు కట్టుకుని ఎక్కవలసిన పని లేదు, అలాగని ఉద్యానవనంలో షికారు కూడా కాదు. మోకాళ్లు, చీలమండలు బాగా ఉన్న మనిషి మధ్యలో ఆగుతూ చేయగలిగిన నడక అని అర్థం చేసుకోవాలి. దూరాన్ని బట్టి కష్టాన్ని అంచనా వేసేవారు ఇక్కడే పొరబడతారు. చదునైన రోడ్డు మీద గంటకు 5 కిలోమీటర్లు నడిచేవారు, తడిసిన బండల మీద, వేర్ల మీద, మోకాలెత్తు గడ్డిలో గంటకు 2 కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. కనకాయి దారి పెద్దగా ఎక్కుడు దిగుడు లేనిది. గాయత్రి దారిలో చివరి దిగుడు నిటారుగా ఉంటుంది, వాన పడితే మట్టి సబ్బులా జారుతుంది, తిరుగు ప్రయాణంలో అదే దిగుడును అలసిన కాళ్లతో ఎక్కాలి. కొండ నడకలో ఎక్కడైనా ముందు ఎక్కి తరువాత దిగుతాము కనుక, సగం దారిలో ఓపిక అయిపోయినా దిగిరావడం సులువే. జలపాతానికి దీని వరుస తలకిందులు. ఓపిక ఉన్నప్పుడు దిగుతాము, ఓపిక తగ్గాక ఎక్కుతాము. ‘ఇంతవరకు ఏమీ కష్టం కాలేదు’ అని కింద నిలబడి అనుకునే మాటకు పెద్ద విలువ లేదు.

ఏ నెలలో వెళ్లాలి?

నైరుతి రుతుపవనాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉంటాయి. జలపాతం మహోగ్రంగా ఉండేది జూలై, ఆగస్టుల్లోనే. పత్రికల్లో బొమ్మలు వచ్చేది, హైదరాబాదు నుంచి బండ్లు బారులు తీరేది కూడా అప్పుడే. అయితే మా సలహా మాత్రం సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మధ్య వరకు. అప్పటికి ఎర్రటి బురద నీరు తేరుకుని ఉంటుంది, వాగుల ఉద్ధృతి తగ్గుతుంది, టేకు ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, ఎండ భరించదగినంత ఉంటుంది. జూలైలో చూసినవారు జలపాతాన్ని వినగలరేమో కానీ, నీటి తుంపరలో దానిని సరిగా చూడలేరు.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచూ నమోదయ్యేది ఆదిలాబాదు వైపే. ధార సన్నబడినా నడక హాయిగా సాగుతుంది. ఫిబ్రవరి దాటేసరికి టేకు ఆకు రాలిపోయి ఉంటుంది, నీడ పోతుంది, మార్చి చివరికి బండ మీద తడి మాత్రమే మిగిలే చోట్లు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44 డిగ్రీలు దాటే జిల్లా అది. ఆ రెండు నెలల్లో వెళ్లవద్దు.

హైదరాబాదులో వాన లేదు, అయినా అక్కడ ప్రమాదం ఉంటుందా?

ఉంటుంది. హైదరాబాదు ఆకాశంతో ఈ ప్రయాణానికి సంబంధం లేదు. అంతకంటే ముఖ్యం, జలపాతం దగ్గరి ఆకాశంతో కూడా సంబంధం తక్కువ. వాగులో వచ్చే నీరు మన నెత్తిన పడిన వాన కాదు, కొన్ని గంటల ముందు ఎగువ గుట్టల మీద పడిన వాన. కింద ఎండ కాస్తూ ఉండగానే వాగు పెరగడం మేము కళ్లారా చూశాము.

కడెం ఎంత తొందరగా పొంగుతుందో తెలుసుకోవడానికి ఒక లెక్క చాలు. ఈ జలపాతాలకు దిగువన ఇదే ఏటి మీద కట్టిన కడెం ప్రాజెక్టు గేట్లన్నీ ఎత్తినా బయటికి పంపగలిగే నీరు సుమారు 3 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో ఆ జలాశయానికి ఎగువ నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. మనం చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి సరదాగా దాటే నీరు కూడా ఆ ఏటిదే.

వాగు పొంగితే ఏమవుతుందో ములుగు జిల్లాలో జరిగిన ఒక సంగతి చెబుతుంది. 2023 జూలై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతానికి వెళ్లినవారిలో 80 మందికి పైగా, తిరుగుదారిలో వాగు ఉప్పొంగడంతో రాత్రివేళ అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వచ్చి వారిని బయటికి తీసుకురావలసి వచ్చింది. అవే రోజుల్లో అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. హైదరాబాదుకు వానాకాలం నాలుగు నెలల్లో వచ్చే వాన దాదాపు అంతే. చిక్కుకున్నవారు పొద్దున్న వెళ్లినప్పుడు ఆ వాగును దాటుకునే వెళ్లారు. అది దాటరానంతగా ఉంటే ఎవరూ వెళ్లేవారే కాదు. ఈ నడకల్లో ప్రమాదం పోయేటప్పుడు కాక, వచ్చేటప్పుడు ఎదురవుతుంది.

వాతావరణ హెచ్చరికలను ఎలా చదవాలి?

భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ అని లెక్క. ఆదిలాబాదు, నిర్మల్ జిల్లాల్లో దేనికి నారింజ రంగు ఉన్నా ప్రయాణం మానుకోవాలని మేము నియమం పెట్టుకున్నాము. పసుపు రంగు ఉంటే వెళ్తాము, కానీ వాగు దాటవలసిన జలపాతానికి కాక కుంటాలకో పొచ్చెరకో వెళ్లి, పైనుంచి చూసి వస్తాము.

రేపటి సూచన ఒక్కటే చాలదు. గడిచిన రెండు రోజుల్లో మండలాల వారీగా ఎంత వాన పడిందో రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సొసైటీ వర్షపాత వివరాల్లో దొరుకుతుంది. బోథ్, బజార్‌హత్నూర్, ఇచ్చోడ మండలాల అంకెలు చూడండి. నేల అప్పటికే నీటితో నిండి ఉంటే, తరువాత పడే చిన్న వాన కూడా ఇంకిపోక నేరుగా వాగులోకి దిగుతుంది. ఇవన్నీ చూశాక కూడా, గూడెంలో ఒక పెద్దమనిషి ‘ఇవాళ వద్దు’ అంటే ఆ మాటనే పాటించాలి.

వాగు దాటవచ్చో లేదో ఎలా తెలుసుకోవాలి?

మోకాలి కింద, అడుగు కనిపిస్తూ, నింపాదిగా పారే నీటిని దాటవచ్చు. మోకాలు దాటిందంటే దిగవద్దు. లోతు తక్కువే అయినా వేగం ఉంటే మనిషి నిలవలేడు. పారే నీరు కాళ్ల కింది ఇసుకను, గులకరాళ్లను కూడా లాగేస్తుంది కనుక పట్టు తప్పడానికి ఒక్క క్షణం చాలు. అడుగు కనిపించని ఎర్ర నీటిలో లోతు అంచనా వేయగల మనిషి ఎవరూ లేరు, ఈతగాడు కూడా.

దాటవలసి వస్తే వాగు వెడల్పుగా పరుచుకున్న చోట చూసుకోవాలి. ఇరుకైన చోట గెంతి దాటవచ్చు అనిపిస్తుంది, కానీ నీరు లోతుగానూ వడిగానూ ఉండేది అక్కడే. దాటే చోటికి కొంచెం దిగువన జలపాతం గానీ బండల మధ్య సందు గానీ ఉంటే ఆ చోటు పనికిరాదు. ఒకవేళ జారితే ఎక్కడికి కొట్టుకుపోతామో ముందే చూసుకోవాలన్న మాట. సంచి నడుము పట్టీ విప్పుకోవాలి, పడితే సంచిని వదిలేయగలగాలి. చెప్పులతోనో బూట్లతోనో దిగాలి. చేతిలో ఒక కర్ర ఉండాలి, మొహం ఎగువకు ఉండాలి, ఒక కాలు కుదురుకున్నాకే రెండో కాలు కదపాలి. చేతులు పట్టుకుని గొలుసులా దాటడం చూడటానికి బాగుంటుంది కానీ, ఒకరు పడితే పక్కవారిని కూడా లాగుతారు. అనుభవం లేనివారు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని దగ్గరగా నిలబడి నెమ్మదిగా కదలడం దానికంటే మేలు.

మేము పాటించే ఒక పద్ధతి చెబుతాను. వెళ్లేటప్పుడు వాగు ఒడ్డున నీరు అంటుతున్న చోట ఒక పుల్ల గుచ్చి పెడతాము. అయిదు పది నిమిషాలు అక్కడే కూర్చుని చూస్తాము. నీరు పుల్లను దాటి పైకి వస్తుంటే వెనుదిరుగుతాము. జలపాతం దగ్గర ఉన్నప్పుడు కూడా మూడు గుర్తులు గమనిస్తూ ఉండాలి. తేటగా ఉన్న నీరు రంగు మారడం, ఆకులూ పుల్లలూ ఉన్నట్టుండి ఎక్కువగా కొట్టుకురావడం, హోరు స్వరం మారడం. వీటిలో ఒక్కటి కనిపించినా ఫొటోలు ఆపి, ఎత్తైన ఒడ్డుకు ఎక్కాలి. దాటిన వాగు తిరిగి దాటరానంతగా పెరిగితే, అవతలి ఒడ్డున బండి కనిపిస్తున్నా సరే, ఇవతలే కూర్చోవాలి. ఇలాంటి చిన్న వాగులు వాన ఆగిన కొన్ని గంటలకు తగ్గుతాయి. అడవిలో ఒక రాత్రి ఆకలితో గడపడం ఇబ్బందే, కానీ అది కేవలం ఇబ్బంది.

ఒక సెప్టెంబరులో మేము పదకొండు మందిమి, నీటి హోరు చెవులకు వినిపిస్తున్నంత దగ్గరకు వెళ్లి, పుల్ల మునిగిపోయినందుకు వెనక్కి వచ్చాము. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఇద్దరు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మా బృందంలో ఆ రోజు ప్రస్తావన వస్తే ‘దాటి ఉండవచ్చు’ అని వాదించేవారు ఉన్నారు. ఉండవచ్చు. ఆ వాదన చేయడానికి వాళ్లు ఉన్నారు కదా అని నేను ఊరుకుంటాను.

జలపాతం కింద స్నానం చేయవచ్చా?

చేయవద్దు. కుంటాలలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు, వారిలో ఈత వచ్చినవారు కూడా ఉన్నారు. అందుకు కారణం తెలిస్తే ఈ నిషేధం చాదస్తంగా అనిపించదు. ఎత్తు నుంచి పడే నీరు అడుగున బండను ఏళ్ల తరబడి తొలిచి గుండం చేస్తుంది. పైకి మడుగులా కనిపించినా, పడిన నీరు లోపలికి దిగి, అడుగు నుంచి తిరిగి ధార వైపుకే సుడి తిరుగుతుంది. అందులో చిక్కిన మనిషిని ఒడ్డుకు చేర్చకుండా మళ్లీ మళ్లీ ధార కిందికే లాగుతుంది. పైగా తెల్లగా నురగలు కక్కే నీటిలో గాలి బుడగలు నిండి ఉంటాయి కనుక అది మామూలు నీటిలా శరీరాన్ని తేల్చదు. చెరువులో నేర్చుకున్న ఈత అక్కడ పని చేయకపోవడానికి ఇదే కారణం. బండ అంచుల కింద సొరంగాల్లాంటి సందులు ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

ధార పైభాగంలో, అంచు దగ్గర నిలబడి ఫొటో తీసుకోవడం దీనికంటే చెడ్డ అలవాటు. ఎండి నల్లగా కనిపించే బండ మీద కూడా పాచి ఉంటుంది, తడి తగలగానే జారుతుంది. కాళ్లు తడుపుకోవాలని మనసైతే ధారకు బాగా దిగువన, నీరు నిదానించి ఇసుక మీద పరుచుకున్న చోటు వెతుక్కోండి. పిల్లలకు కూడా అదే ఎక్కువ నచ్చుతుంది.

హైదరాబాదు నుంచి ఎలా చేరాలి? ఒక్కరోజులో తిరిగి రావచ్చా?

44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల్ దాటి నేరేడిగొండకు వెళ్లాలి. కుంటాలకు సుమారు 260 కిలోమీటర్లు, సొంత బండిలో దాదాపు అయిదు గంటలు. కనకాయికి ఇంకా ముందుకు, ఇచ్చోడ వైపు వెళ్లి లోపలికి తిరగాలి. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి నిర్మల్, ఆదిలాబాదు బస్సులు ఉన్నాయి, కానీ రహదారి మీద దిగాక లోపలి గ్రామాలకు ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను ఒప్పించుకోవాలి. సికింద్రాబాదు మీదుగా ఆదిలాబాదు వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ బాసర, ముద్ఖేడ్, కిన్వట్ చుట్టి వెళ్తుంది కనుక ఈ ప్రయాణానికి అక్కరకు రాదు.

ఒక్కరోజులో వెళ్లి రావడం సాధ్యమే, చాలామంది వెళ్లివస్తున్నారు. మేము ఒప్పుకోము. పది గంటలు బండి నడిపే మనిషి మధ్యలో నాలుగు గంటలు అడవిలో నడిస్తే, అసలు ప్రమాదం రాత్రి కామారెడ్డి దాటాక రహదారి మీద ఎదురవుతుంది. శనివారం మధ్యాహ్నం బయలుదేరి నిర్మల్‌లో రాత్రి బస చేసి, ఆదివారం ఉదయం ఏడు గంటలకల్లా నడక మొదలుపెడితే అన్నీ చక్కబడతాయి. వానాకాలంలో ఉరుములూ జల్లులూ ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే వస్తాయి కనుక, పన్నెండు గంటలకు వెనుదిరగాలన్న గడువు పెట్టుకోండి. చేరామా లేదా అన్నది ఆ గడువుకు సంబంధం లేని విషయం.

ముందుగా హైదరాబాదులో సాధన ఎక్కడ చేయాలి?

కేబీఆర్ పార్కు చుట్టూ నడవడం ఊపిరికి మంచిది, కానీ చదును దారి మీద చీలమండ ఏమీ నేర్చుకోదు. మెట్లు, రాళ్లు ఉన్న చోటు కావాలి. మౌలాలి గుట్ట మెట్లు వారానికి రెండుసార్లు ఎక్కి దిగితే నెలలో తేడా తెలుస్తుంది. దిగేటప్పుడు తొడలు వణికాయంటే అవి ఇంకా సిద్ధంగా లేవని అర్థం. భువనగిరి కోట బండ ఏకశిల, ఆ నున్నటి వాలు మీద పాదం పూర్తిగా ఆనించి నడవడం అలవాటవుతుంది. చివరిగా ఒక ఆదివారం వికారాబాదు దగ్గర అనంతగిరి అడవిలో, వీపున సంచితో నాలుగు గంటలు నడిచి చూడండి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. అక్కడ హాయిగా నడవగలిగినవారు ఆదిలాబాదులో ఇబ్బంది పడరు.

ఎలాంటి బూట్లు, బట్టలు వేసుకోవాలి?

కొత్త బూట్లు వద్దు. ఖరీదైనవైనా సరే, కనీసం రెండు వారాలు వాడినవి వేసుకోండి. అడుగున గాట్లు లోతుగా ఉండాలి, మడమ కదలకూడదు. జీన్సు తడిస్తే బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి, ఆరదు. తొందరగా ఆరే పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా మేలు, దురదగొండి కూడా ఒంటికి తగలదు. గొడుగు అడవిలో పనికిరాదు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. రెయిన్‌కోటు, ఒక జత పొడి మేజోళ్లు, ఫోనుకు ప్లాస్టిక్ కవరు, ఒక చిన్న టార్చి తీసుకోండి. పగటి నడకే అయినా టార్చి ఎందుకని అడగవద్దు, ఆలస్యం ఎవరికైనా అవుతుంది.

నీళ్లు, తిండి సంగతి?

గంటకు అర లీటరు లెక్కన మనిషికి రెండున్నర లీటర్ల నీళ్లు మోయాలి. జలపాతం నీరు ఎంత తేటగా ఉన్నా, ఎగువన పశువులు దిగుతాయి కనుక తాగవద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు ఉంచుకోండి, ఒక్కోదాన్ని మొత్తంగా ఒక లీటరులో కలపాలి, కొంచెం పొడి కొంచెం నీళ్లలో కలిపితే పాళ్లు చెడతాయి. తిండికి పులిహోర, పల్లీ పట్టీలు, సకినాలు, అరటిపండ్లు చాలు. బిర్యానీ పొట్లాలు కట్టించుకొచ్చి, జలపాతం దగ్గర భుక్తాయాసంతో పడుకుని, తరువాత దిగుడు ఎక్కలేక ఎక్కలేక వచ్చిన బృందాలను చూశాము. తిరుగు దారిలో రహదారి పక్కన దొరికే వేడి జొన్నరొట్టె, పచ్చిమిరప ఠేచా (నూరిన కారం) కోసం కొంచెం ఆకలి దాచుకోవడం తెలివైన పని.

పిల్లలను, పెద్దవారిని తీసుకెళ్లవచ్చా?

కనకాయికి పదేళ్లు దాటిన, నడక అలవాటున్న పిల్లలను నీరు తగ్గిన రోజుల్లో తీసుకెళ్లవచ్చు. గాయత్రి దిగుడుకు పద్నాలుగేళ్ల లోపువారిని మేము వెంట పెట్టుకోము. పెద్దవారి విషయంలో వయసు కాదు, మోకాళ్లు ముఖ్యం. మా బృందంలో అరవై ఆరేళ్ల అక్కయ్య ఒకరు అందరికంటే ముందు నడుస్తారు. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని మధుమేహం ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి రావాలి. తమ మందులు తమ సంచిలోనే ఉంచుకోవాలి, బండిలో కాదు.

దారి చూపే మనిషి అవసరమా?

తప్పకుండా అవసరం. పశువులు నడిచిన దారులు, కట్టెలకు వెళ్లే దారులు, జలపాతం దారి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల ఫోనుకు సిగ్నల్ అందదు, పటాన్ని ముందే దించి పెట్టుకున్నా వాగు అవతల ఉన్నామో ఇవతల ఉన్నామో అది ఒక్కోసారి సరిగా చెప్పదు. దగ్గరి ఊళ్లో అడిగితే ఎవరో ఒకరు వస్తారు. కూలి ముందే మాట్లాడుకుని, బేరం పెట్టకుండా ఇవ్వండి. ఆ రోజు ఆయన పొలం పని మానుకుని వస్తున్నారని మరచిపోవద్దు.

అక్కడి గూడేల్లో గోండులు, కొలాములు నివసిస్తారు. ‘రాం రాం’ అని పలకరిస్తే అదే మాటతో ఆదరంగా బదులిస్తారు. వారి మాతృభాష వేరు, తెలుగు చాలామందికి వస్తుంది, కానీ హైదరాబాదు వేగంతో మాట్లాడితే అందదు. దీపావళి రోజుల్లో వెళ్తే దండారి పండుగ జరుగుతూ ఉంటుంది, నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీ నృత్యం చేసేవారు కనిపిస్తారు. అది వారికి దీక్ష, మనకోసం ఆడే ఆట కాదు. ఫోను ఎత్తే ముందు పెద్దలను అడగండి, వద్దంటే దించేయండి.

పులి ఎదురవుతుందా?

అయ్యే అవకాశం చాలా తక్కువ, అసలు లేదని మాత్రం చెప్పలేము. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోనే 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది. మహారాష్ట్ర అడవుల నుంచి పులులు ఇటు వస్తూ పోతూ ఉంటాయి. 2024 చివర్లో తోడు వెతుక్కుంటూ వచ్చిన ఒక మగపులి ఆదిలాబాదు, నిర్మల్ జిల్లాల్లో వారాల తరబడి తిరిగింది. అటవీ సిబ్బంది ఫలానా వైపు వెళ్లవద్దంటే వాదించకుండా వెనక్కి రావాలి. నిజానికి మేము పులికంటే ఎలుగుబంటికి ఎక్కువ జడుస్తాము. దాని చూపు మందం, దగ్గరకు వెళ్లేదాకా మనల్ని గమనించదు, గమనించాక పారిపోయే బదులు మీద పడవచ్చు. తెల్లవారకముందు, చీకటి పడ్డాక నడవకపోవడం, గుంపుగా మాట్లాడుకుంటూ నడవడం దీనికి తగిన జాగ్రత్త. స్పీకర్లలో పాటలు పెట్టడం ఆ లెక్కలోకి రాదు. దాని వల్ల వాగు హోరు మారడం మనకే వినిపించకుండా పోతుంది.

పాము కరిస్తే ఏం చేయాలి?

చేయవలసినవి తక్కువ, చేయకూడనివి ఎక్కువ. కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు, పసరు మందు కోసం ఆగవద్దు, పామును పట్టుకోవాలని చూడవద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్రలతో కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని రహదారికి చేర్చాలి. 108కు ఫోను చేయాలి, సిగ్నల్ కోసం ఒకరు ముందుగా పరుగెత్తాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు సూది పని చేస్తుంది కనుక ఏ పామో తెలియకపోయినా చికిత్స ఆగదు. నిర్మల్, ఆదిలాబాదు ప్రభుత్వ ఆసుపత్రులలో ఏది దగ్గరో బయలుదేరే ముందే చూసి పెట్టుకోండి. రాయి మీద కూర్చునే ముందు కర్రతో తట్టడం, దుంగ మీద నుంచి గెంతకుండా దాని మీద అడుగు పెట్టి అవతల చూసి దిగడం వల్ల ఈ ప్రశ్న చాలావరకు రాకుండా పోతుంది.

ఆడవాళ్లకు మరుగు సదుపాయం ఉంటుందా?

అడవి లోపల ఏమీ ఉండదు. రహదారి మీద పెట్రోలు బంకుల్లోనో, నిర్మల్‌లోనో చూసుకుని రావాలి. అవసరం పడుతుందేమోనని నీళ్లు తాగకుండా నడవడం చాలామంది ఆడవాళ్లు చేసే పని, కళ్లు తిరిగి పడిపోవడానికి అదే కారణమవుతుంది. బృందంలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉండేలా చూసుకుని, ఒకరికొకరు కాపలా ఉంటే సరిపోతుంది. వాగుకు కనీసం 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తీసి పూడ్చాలి. వాడిన ప్యాడ్లు పూడ్చవద్దు, జంతువులు తవ్వి తీస్తాయి. కాగితంలో చుట్టి వెనక్కి తీసుకురావాలి.

అంత దూరం వెళ్లాక నీళ్లు సన్నగా ఉంటే?

నిరాశపడవద్దని చెప్పడం తేలికే, అయినా అయిదు గంటలు ప్రయాణించినవారికి కోపం రావడం సహజం. ధార సన్నగా ఉన్న రోజు బండ కనిపిస్తుంది, నీరు తొలిచిన గుంటలు కనిపిస్తాయి, వరద రోజున ఎక్కడి వరకు నీరు వచ్చిందో కొమ్మల్లో చిక్కుకున్న గడ్డిని బట్టి తెలుస్తుంది. తల ఎత్తి ఆ గడ్డి ఎంత పైన వేలాడుతుందో ఒకసారి చూడండి. వాగు గురించి పైన రాసిన జవాబు మళ్లీ చదవనక్కరలేదు.

తిరిగి వచ్చాక ఏమైనా చూసుకోవాలా?

ఇల్లు చేరగానే వేడినీళ్లతో స్నానం చేసి, బట్టలన్నీ ఉతకాలి. చంకలు, గజ్జలు, మోకాలి వెనుక భాగాలు చూసుకోవాలి. వానాకాలపు గడ్డిలో ఉండే, కంటికి కనిపించనంత చిన్న పురుగులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చిన్న మచ్చ ఏర్పడవచ్చు, అది నొప్పి పెట్టదు కాబట్టి చాలామంది గమనించరు. కుట్టిన వారం నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా జ్వరం, తీవ్రమైన తలనొప్పి మొదలు కావచ్చు. మలేరియాకు కూడా ఇంచుమించు అంతే వ్యవధి పడుతుంది. సకాలంలో గుర్తిస్తే రెండిటికీ మంచి మందులు ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, జ్వరం వచ్చేసరికి మనం నడక సంగతి మరచిపోయి ఉంటాము, హైదరాబాదు వైద్యుడు డెంగీ అనుకుని ఆ పరీక్షలే రాస్తాడు. అందుకని ‘ఫలానా తేదీన ఆదిలాబాదు అడవిలో నడిచాను’ అన్న మాట వైద్యుడు అడగకపోయినా మొదటే చెప్పాలి.